పౌడర్ కోటింగ్ షెడ్లలో ప్రాణరక్షణ: ఫ్యాక్టరీల శాఖ సంచాలకులవారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ సంచాలకులవారికి,

అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల్లోని శిక్షణ సంస్థల కుర్చీలు, దూరపు జిల్లాల నుంచి చదువుకోవడానికి వచ్చినవారు ఉండే హాస్టళ్ల ఇనుప మంచాలు, పంజాగుట్ట దుకాణాల్లో సరుకు పేర్చే ర్యాకులు, అద్దాల తలుపులకు బిగించే అల్యూమినియం ఫ్రేములు నేడు చాలావరకు పౌడర్ కోటింగ్ అనే పద్ధతిలో రంగు పూయించుకుని వస్తున్నాయి. ఈ పద్ధతిలో ద్రవరూపంలో రంగు ఉండదు. రెజిన్, దానిని గట్టిపరిచే రసాయనం, రంగునిచ్చే పదార్థం కలిపి పిండిలా నూరిన పొడికి విద్యుదావేశం ఎక్కించి లోహం మీద చిమ్మి, ఆ లోహాన్ని 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడి గల ఓవెన్‌లో పది, పదిహేను నిమిషాలు ఉంచితే, పొడి కరిగి గట్టి పొరగా అతుక్కుంటుంది. థిన్నర్ వాసన లేకపోవడం, కింద రాలిన పొడిని తిరిగి వాడుకోగలగడం వల్ల ఇది ప్రమాదం లేని పని అనే పేరు తెచ్చుకుంది. ఆ పేరులో సగమే నిజముందనీ, మిగతా సగం సనత్‌నగర్, బాలానగర్, కూకట్‌పల్లి ప్రశాంత్‌నగర్, జీడిమెట్ల వాడల్లోని రేకుల షెడ్లలో ఈ పని చేసే కార్మికుల ఆరోగ్యాన్నీ, ఒక్కొక్కసారి ప్రాణాన్నీ బలిగోరుతోందనీ, దానిని అదుపులో పెట్టడానికి శాఖ చేయగలిగింది చాలా ఉందనీ విన్నవించడం ఈ లేఖ ఉద్దేశం.

గాలిలో తేలే సన్నని పొడి ఎంతటి విధ్వంసం చేయగలదో ఈ రాష్ట్రానికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2025 జూన్ 30 ఉదయం సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. అక్కడ తయారయ్యేది మందు గుండు కాదు, పెట్రోలియం కాదు. మందుబిళ్లల్లో కలిపే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, అంటే కలప గుజ్జు నుంచి తీసే తెల్లని మెత్తని పొడి. అంతకు పదకొండేళ్ల ముందు, 2014 ఆగస్టు 2న, చైనాలోని కున్‌షాన్‌లో కార్ల చక్రాల రిమ్ములకు మెరుగుపెట్టే కర్మాగారంలో పేరుకున్న అల్యూమినియం ధూళి పేలి, చికిత్స పొందుతూ మరణించినవారితో కలిపి 146 మంది చనిపోయారు. పౌడర్ కోటింగ్‌లో వాడే ఎపాక్సీ, పాలియెస్టర్ పొడులు సేంద్రియ పదార్థాలు కావడంతో ఇవి కూడా ఇదే కుటుంబానికి చెందుతాయి. ముద్దగా ఉన్నప్పుడు అంత సులభంగా అంటుకోని పదార్థం, 30 నుంచి 50 మైక్రాన్ల కణాలుగా, అంటే తలవెంట్రుక మందం కంటే సన్నగా విడిపోయి గాలిలో పరుచుకున్నప్పుడు, ప్రతి కణం చుట్టూ ఆక్సిజన్ చేరి, ఒక్క నిప్పురవ్వకే మొత్తం మేఘం భగ్గుమంటుంది.

ఇలా జరగడానికి మండే పొడి, ఆక్సిజన్, నిప్పురవ్వ, పొడి గాలిలో లేవడం, నాలుగు గోడల మధ్య బిగింపు అనే ఐదూ కలవాలి. పౌడర్ కోటింగ్ బూత్‌లో, అంటే జాబును (రంగు వేయవలసిన లోహపు వస్తువును షెడ్లలో ఇలా పిలుస్తారు) వేలాడదీసి పొడి చిమ్మే రేకుల గదిలో, మొదటి రెండూ ఎప్పుడూ ఉంటాయి. పొడిని గాలిలో లేపడమే ఆ గది పని. బిగింపు గది కట్టుబడిలోనే ఉంది. ఇక కార్మికుడి ప్రాణానికి అడ్డుగా నిలిచేవి రెండే: నిప్పురవ్వ పుట్టకుండా చూడడం, పొడి మోతాదు ప్రమాదపు హద్దు చేరకుండా గాలిని లాగడం. ఈ రెంటిలో ఏది తప్పినా మిగిలినదే దిక్కు, రెండూ తప్పితే దిక్కు లేదు.

నిప్పురవ్వ పుట్టే చోటు గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే తనిఖీల్లో తరచుగా చూసే చోటు వేరు, లోపం ఉండే చోటు వేరు. స్ప్రే గన్ను కొసన 60 నుంచి 100 కిలోవోల్టుల విద్యుత్ పీడనం ఉంటుంది. అందులో ప్రవహించే విద్యుత్తు మైక్రో ఆంపియర్లలోనే కనుక గన్ను నేరుగా మనిషిని చంపదు. ఆ ఆవేశం పొడితోపాటు జాబుకు చేరి, జాబు నుంచి హుక్కుకు, హుక్కు నుంచి కన్వేయరు పట్టీకి లేదా ట్రాలీ కడ్డీకి, అక్కడినుంచి ఎర్త్ తీగ ద్వారా భూమికి దిగిపోవాలి. హైదరాబాదు నేల గ్రానైటు రాతినేల కావడంతో, వేసవి రాగానే ఎర్త్ గుంట ఎండిపోతుందని, ఉప్పు, బొగ్గు వేసి రోజూ బిందెడు నీళ్లు పోయాలని ఇక్కడి ఎలక్ట్రీషియన్లందరికీ తెలుసు. మోటార్లలో లోపం వచ్చినప్పుడు షాక్ కొట్టకుండా ఉండటానికి ఆ జాగ్రత్త అవసరమే. అయితే స్థిరవిద్యుత్తు, అంటే రాపిడి వల్లనో గన్ను వల్లనో వస్తువు మీద పేరుకుని నిలిచే ఆవేశం, భూమికి దిగడానికి జాబు నుంచి ఎర్త్ వరకు నిరోధం పది లక్షల ఓములు, అంటే ఒక మెగోమ్ దాటకుండా ఉంటే చాలు. ఎంత ఎండిన గుంట అయినా ఆ హద్దు దాటదు. దానిని దాటించేది హుక్కు.

ఒక హుక్కును చేతిలోకి తీసుకుని చూస్తే సంగతి తెలుస్తుంది. జాబుతోపాటు ప్రతి విడతా ఓవెన్‌లోకి వెళ్లి వచ్చిన ఆ ఇనుప కడ్డీ మీద తెలుపు, బూడిద, నలుపు, గోధుమ రంగుల పొరలు ఒకదాని మీద ఒకటి కాలి గట్టిపడి, కడ్డీ అసలు లావుకు రెండింతలు అవుతుంది. జాబు ఆనే కొక్కెం వంపులో లోహం ఎక్కడా బయటికి కనిపించదు. కాలిన పౌడర్ పొర మేలైన విద్యుత్ బంధకం కనుక, దానికి వేలాడే జాబు భూమితో సంబంధం తెగి, గన్ను నుంచి వచ్చే ఆవేశాన్నంతా తనలో నింపుకుని, ఎర్త్ అయి ఉన్న వస్తువు దగ్గరకు రాగానే రవ్వగా వదిలేస్తుంది. రబ్బరు చెప్పులు వేసుకుని, రబ్బరు తొడుగు చేతికి తగిలించుకుని గన్ను పట్టుకున్న కార్మికుడి పరిస్థితీ అంతే. ఎర్త్ లేని మనిషి ఒంట్లో 20 కిలోవోల్టుల ఆవేశం చేరితే దాని శక్తి సుమారు 30 మిల్లీజౌళ్లు, కొన్ని రకాల పొడి మేఘాలు అంటుకోవడానికి అంతకంటే తక్కువే చాలు. షెడ్లలో కార్మికులు జాబు ముట్టుకుంటే చిన్నగా షాక్ కొడుతోందని చెప్పినప్పుడు, దానిని పనిలో మామూలేనని కొట్టిపారేసే సూపర్‌వైజరు, నిజానికి ప్రమాదం తలుపు తట్టిన చప్పుడును వినకుండా వదిలేస్తున్నాడు.

యజమానులకు నచ్చజెప్పడానికి ఇక్కడ ఒక మంచి వీలుంది. ఎర్త్ సరిగా లేని జాబుకు పౌడర్ సరిగా పట్టదు. మూలల్లో కవరింగ్ రాదు, సగం పొడి నేల పాలవుతుంది, రెండో కోటు వేయవలసి వస్తుంది. రంగు పట్టడం లేదని పౌడర్ కంపెనీని నిందించే చాలా ఫిర్యాదులకు మూలం హుక్కు దగ్గరే ఉండవచ్చు. హుక్కులను వారానికోసారి రసాయనంలో నానబెట్టి గాని కాల్చి గాని శుభ్రం చేయడం, మెగ్గర్ అనే నిరోధం కొలిచే పరికరంతో జాబు నుంచి ఎర్త్ వరకు కొలిచి పుస్తకంలో రాయడం, అరచేతి భాగం తెరిచి ఉన్న తొడుగు గాని ఆవేశం నిలవనివ్వని తొడుగు గాని, ఆవేశం నిలవనివ్వని బూట్లు ఇవ్వడం పెద్ద ఖర్చులు కావు. పౌడర్ ఆదా రూపంలో ఆ ఖర్చు తిరిగి వస్తుంది. భద్రతా, లాభమూ ఒకే కొక్కేనికి వేలాడే సందర్భాలు పరిశ్రమల్లో అరుదు కనుక, శాఖవారు అవగాహన సదస్సుల్లో ఈ విషయంతోనే మొదలుపెట్టడం మంచిది.

రెండవ అడ్డు గాలి. చాలా కోటింగ్ పౌడర్లకు పేలుడు కనిష్ఠ హద్దు, అంటే గాలిలో ఎంత పొడి చేరితే మంట వ్యాపించగలదో ఆ మోతాదు, ఘనపు మీటరుకు 20 నుంచి 70 గ్రాముల మధ్య ఉంటుంది. ఏ పౌడర్ హద్దు ఎంతో తెలియనప్పుడు బూత్‌లో సగటు మోతాదు 10 గ్రాములు దాటకుండా చూడాలని అంతర్జాతీయంగా పాటించే పద్ధతి. నిమిషానికి 200 గ్రాముల పొడి చిమ్మే ఒక గన్నుకు ఈ లెక్కన నిమిషానికి కనీసం 20 ఘనపు మీటర్ల గాలి లాగాలి. పొడి బూత్ బయటికి, కార్మికుడి ముఖం మీదికి రాకుండా ఉండాలంటే తెరిచిన ముఖద్వారం వద్ద గాలి సెకనుకు అర మీటరు వేగంతో లోపలికి పోవాలి కనుక, రెండు మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉన్న ద్వారానికి నిమిషానికి 90 ఘనపు మీటర్లు కావలసి వస్తుంది. ఈ రెండో లెక్కకు సరిపడే ఫ్యాను పెడితే మొదటిది దానంతట అదే తీరుతుంది. ఫిల్టర్లు పూడుకుపోయి లాగుడు తగ్గినా, ఫ్యాను ఆగినా, గన్నుకు కరెంటు, గాలి, పౌడర్ మూడూ దానంతటవే ఆగిపోయేలా ముడివేయాలి. దీనినే ఇంటర్‌లాక్ అంటారు. ఫ్యాను ఆగినా గన్ను నడిచే బూత్‌ను శాఖ అనుమతించకూడదు.

బూత్ లోపలి పొడికంటే బయట పేరుకున్న పొడి గురించి మరింత ఆందోళన చెందాలి, ఎందుకంటే దానిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలో ప్రమాదకరమైన మేఘం లేవడానికి కిలోన్నర పొడి కూడా అక్కరలేదు. ఆ పొడిని నేలంతా పరిస్తే అర మిల్లీమీటరు పొర కూడా కాదు. షెడ్డు దూలాల మీద, ట్యూబులైటు పట్టీల మీద, కేబుల్ ట్రేల మీద నెలల తరబడి పేరుకున్నది అంతకు చాలా రెట్లు ఉంటుంది. మొదట బూత్‌లో జరిగే చిన్న పేలుడు ఆ పొడిని దులిపి లేపుతుంది, రెండో పేలుడు షెడ్డును లేపేస్తుంది. ప్రపంచంలో జరిగిన పెద్ద ధూళి ప్రమాదాల్లో ఎక్కువ ప్రాణనష్టం ఈ రెండో పేలుడు వల్లనే. రంగు మార్చేటప్పుడు ఎయిర్ గన్నుతో బూత్‌ను ఊదడం, సాయంత్రం పని ముగించి అదే గాలిని ఒంటి మీద కొట్టుకుని బట్టలు దులుపుకోవడం, చీపురుతో ఊడ్వడం పాత అలవాట్లు. వాటి స్థానంలో ధూళికి తగినదిగా తయారుచేసిన, ఎర్త్ చేసిన వాక్యూమ్ క్లీనర్ రావాలి. గాలి కొట్టుకునే అలవాటు పేలుడు కోణంలోనే కాక, కార్మికుడి కంటికీ, ఊపిరికీ కూడా చేటు.

ఓవెన్ సంగతి చాలామందికి తెలిసిందే కనుక క్లుప్తంగా చెప్పుకోవచ్చు. గ్యాసు సిలిండర్లతోనో డీజిల్ బర్నరుతోనో నడిచే ఓవెన్‌లో, మంట వెలిగించే ముందు లోపలి గాలిని కనీసం నాలుగు విడతలు పూర్తిగా మార్చాలి. మంట ఆరితే గ్యాసును ఆపే వాల్వు ఉండాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది కనుక సిలిండర్లు పల్లంలోనూ, ఆమ్లపు తొట్ల గుంటల పక్కనా ఉండకూడదు.

అంత త్వరగా దాటవేయలేనిది రసాయనాల సంగతి. పొడి చిమ్మే ముందు లోహాన్ని శుభ్రం చేసే వరుసను ఇక్కడ సెవెన్ ట్యాంక్ ప్రాసెస్ అంటారు: జిడ్డు తీసే క్షారం, తుప్పు తీసే ఆమ్లం, మధ్య మధ్య నీళ్లు, పొడి పట్టుకోవడానికి ఫాస్ఫేటు పొర, చివర ప్యాసివేషన్ అనే రక్షణ స్నానం. ఆ చివరి తొట్టిలో క్రోమేటు వాడితే అది హెక్సావాలెంట్ క్రోమియం, అంటే క్యాన్సరు కారకంగా నిర్ధారణ అయిన రసాయనం. ఏళ్ల తరబడి దాని తుంపర పీల్చినవారి ముక్కు దూలానికి రంధ్రం పడుతుంది. క్రోమియం లేని ప్యాసివేషన్ మందులు మార్కెట్లో ఉన్నాయి. ఇక పౌడర్‌లోనే, ఆరుబయట వాడే పాలియెస్టర్ రకాల్లో, టీజీఐసీ అనే గట్టిపరిచే పదార్థం ఉండవచ్చు. ఇది చర్మానికి దద్దుర్లు, ఊపిరితిత్తులకు ఉబ్బసం తెచ్చేది, జన్యువులకు హాని చేయగలదని ఐరోపాలో వర్గీకరించినది. బ్రిటన్‌లో ఎనిమిది గంటల పనిలో ఘనపు మీటరు గాలికి 0.1 మిల్లీగ్రాము మించకూడదని హద్దు పెట్టారు. ఆ వర్గీకరణ తర్వాత ఐరోపా తయారీదారులు చాలామంది హెచ్‌ఏఏ అనే ప్రత్యామ్నాయానికి మారారు. పూత మరీ మందమైతే హెచ్‌ఏఏ పౌడర్‌లో సూది రంధ్రాలు పడతాయన్నది నిజమే; మందం కొలిచే మీటరు వాడే చేతికి అది అడ్డంకి కాదు. పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఇంకొకటి. 2016లో వచ్చిన సీసం నియమాలు పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించకూడదని కట్టడి చేసింది ఇళ్లకు, అలంకరణకు వాడే పెయింట్లను మాత్రమే. పారిశ్రామిక పూతలు ఆ కంచెకు బయటే ఉన్నాయి. హాస్టలు మంచం మీది రంగు ఇంటి గోడ మీది రంగు కంటే మనిషి ఒంటికి దగ్గరగా ఉంటుందన్న సంగతి ఆ నియమాలు రాసినప్పుడు గుర్తుకు రావలసింది.

షెడ్లలో ముక్కుకు కట్టుకునే చేతిరుమాలు ఈ పొడిని ఆపలేదు. ఐఎస్ 9473 ప్రమాణానికి తగిన మాస్కు కావాలి. ఓవెన్ పక్కన, మే నెల ఎండలో, రేకుల కింద ఆ మాస్కుతో ఎనిమిది గంటలు నిలబడమనడం న్యాయం కాదు కనుక పొడి ముఖం మీదికి రాకుండా చేసే గాలి ఏర్పాటే మొదటి రక్షణ కావాలి, మాస్కు చివరిది.

ఈ జాగ్రత్తల్లో కొత్తది ఏదీ లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షను పేలే ధూళి గురించి స్పష్టంగా చెప్పింది. ఆ చట్టం కరెంటు వాడే చోట పదిమంది కార్మికులు ఉంటేనే ఫ్యాక్టరీ అంది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వృత్తిభద్రతా కోడ్ ఫ్యాక్టరీ నిర్వచనానికి ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. ఇద్దరు గన్ను పట్టేవారు, ఇద్దరు తొట్ల దగ్గర, ఇద్దరు ఎత్తి దించేవారు, ఒక సూపర్‌వైజరు ఉన్న షెడ్డు ఈ లెక్కలోకే రాదు. తలల లెక్క పెరిగిన కొద్దీ ప్రమాదం పెరుగుతుందనే ఊహ మగ్గానికో, లేతుకో వర్తిస్తుందేమో గాని, గంటకు పన్నెండు కిలోల పొడిని గాలిలోకి చిమ్మే గన్నుకు వర్తించదు.

ఒకప్పుడు ఈ పరిస్థితి వేరు. సనత్‌నగర్‌లో 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్‌లో బీరువాలు, ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు ఒకే సంస్థ కింద తయారయ్యేవి. ఇప్పుడు రేకు వంచేది ఒకచోట, వెల్డింగు మరోచోట, రంగు ఇంకొకచోట జాబ్ వర్క్‌గా చెదిరిపోయింది. పనితోపాటు బాధ్యత కూడా చెదిరింది. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలో తుక్కు గోదాము మీది అంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బీహార్ కార్మికులు మంటల్లో చనిపోయిన సంగతి గుర్తుంచుకుంటే, పనిచేసే షెడ్డులోనే రాత్రి పడుకునే అలవాటు పౌడర్ పెట్టెలు, గ్యాసు సిలిండర్ల నడుమ ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

పాత చట్టం 85వ సెక్షను, సంఖ్య తక్కువైనా ఒక పనిస్థలాన్ని ఫ్యాక్టరీగా ప్రకటించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. కొత్త కోడ్ కూడా కేంద్ర ప్రభుత్వం ప్రాణాపాయం ఉన్న పనిగా ప్రకటించిన చోట కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా వర్తించే వీలు ఉంచింది. ఎలెక్ట్రోస్టాటిక్ పౌడర్ కోటింగ్‌ను, దానికి ముందు చేసే ఆమ్ల, క్రోమేటు శుద్ధిని ఆ విధంగా ప్రకటించేలా చూడవలసిందిగా సంచాలకులవారు రాష్ట్ర ప్రభుత్వానికి సిఫారసు చేయాలి. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామిక భూములను వేరే అవసరాలకు మార్చుకునే విధానాన్ని ప్రభుత్వం 2025 నవంబరులో ముందుకు తెచ్చింది కనుక ఈ ప్రకటన ఆలస్యం కాకూడదు. లేకుంటే స్థలం ఖాళీ చేసిన చిన్న షెడ్లు శివారు ఇళ్ల మధ్య, ఏ రికార్డుకూ అందకుండా మళ్లీ లేస్తాయి. సనత్‌నగర్‌లోనే కార్యాలయం ఉన్న కాలుష్య నియంత్రణ మండలి తొట్ల నీటిని చూస్తుంది. యూసుఫ్‌గూడలో జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ ఉంది, బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ ఉంది. మెగ్గర్ పట్టడం, ఇంటర్‌లాక్ పరీక్షించడం నేర్పే రెండు రోజుల శిక్షణను తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీ భాషల్లో నడపడానికి కావలసిన గదులు, మనుషులు ఈ సంస్థల్లోనే ఉన్నారు. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి, పంజాగుట్ట నిమ్స్, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రుల వైద్యులు ఉబ్బసంతోనో చేతుల పుండ్లతోనో వచ్చినవారిని ఏం పని చేస్తారని అడిగి రాసుకుని, సీసం విషం, క్రోమ్ పుండ్లు, రసాయనాల వల్ల వచ్చే చర్మవ్యాధులు చట్టం ప్రకారం శాఖకు తెలపవలసిన జబ్బులే కనుక తెలపాలి. ఆ సమాచారం లేకుండా ఏ షెడ్డుకు ముందు వెళ్లాలో తనిఖీ అధికారికి తెలియదు.

చివరిగా, రంగు వేయించుకునేవారి సంగతి. కూకట్‌పల్లి, బాలానగర్ నుంచి అమీర్‌పేట, పంజాగుట్టలకు ఒకే మెట్రో లైను వస్తుంది. పని జరిగే షెడ్డుకూ ఆ పని అమ్ముడయ్యే షోరూముకూ మధ్య దూరం అరగంట కూడా లేదు. ఇంటీరియర్ కాంట్రాక్టర్లు, హాస్టలు యజమానులు, శిక్షణ సంస్థలు అడుగుకు ఎంత అని బేరమాడే సమయంలోనే, శాఖ వద్ద నమోదైన యూనిట్‌లో కోటింగ్ చేయించినట్టు బిల్లు మీద నమోదు సంఖ్య చూపాలనే షరతు పెడితే, భద్రత పాటించే షెడ్డు ధరలో ఓడిపోకుండా నిలబడుతుంది. ప్రభుత్వ పాఠశాలల బెంచీలు, వసతి గృహాల మంచాలు, కార్యాలయాల బీరువాల టెండర్లలో ఈ షరతును ముందుగా ప్రభుత్వమే పెట్టవచ్చు. దానికి కొత్త చట్టం అక్కరలేదు, శాఖ రాసే ఒక లేఖ, నమోదైన యూనిట్ల జాబితా ఉంటే చాలు. వచ్చే వేసవిలోగా ఆ జాబితా తయారై, అందులోని ప్రతి బూత్‌లో జాబు నుంచి ఎర్త్ వరకు నిరోధం ఒక్కసారైనా కొలిచి నమోదు చేయాలని సంచాలకులవారిని కోరడమైనది.